పిండాండం, బ్రహ్మాండం: లెక్కలు కుదిరాయా, కుదిర్చారా?

పటమట నాన్న | ఆదివారం రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కార్తీక సోమవారం ఇంట్లో రుద్రాభిషేకం చేయించాం. పంతులుగారు న్యాసం చెబుతూ కళ్లు, చెవులు, గుండె ఒక్కొక్కటీ తాకిస్తుంటే వీడు మెల్లగా "దిక్కులు చెవుల్లో ఉండటం ఏంటి నాన్నా" అన్నాడు. "యథా పిండే తథా బ్రహ్మాండే, విశ్వంలో ఉన్నదంతా మన ఒంట్లో ఉంది" అని చెప్పాను. ఊరుకోకుండా వాట్సాప్‌లో వచ్చిన వీడియో కూడా చూపించాను. అందులో రోజుకు 21,600 శ్వాసలు, వృత్తంలోనూ 21,600 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు కళ) అన్నారు. సూర్యుడి దూరం సూర్యుడి వ్యాసానికి 108 రెట్లట, అందుకే మాలకు 108 పూసలట. చివర్లో మెదడు కణాల ఫొటో, గెలాక్సీల ఫొటో పక్కపక్కన పెట్టారు. వాడు కాలిక్యులేటర్ తీసి కాసేపు నొక్కి, "కొన్ని కుదిరాయి, కొన్ని కుదిర్చారు" అని వెళ్లి పడుకున్నాడు.

నాకు జవాబు రాలేదు. ఇది శాస్త్రమా, భక్తా, కవిత్వమా? తెలిసినవాళ్లు చెప్పండి. కొట్లాట మాత్రం వద్దు.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | 9:20

కొట్లాట వద్దంటే ఎలాగండీ, మేం వచ్చేదే దానికి. మీవాడికి చదువయ్యాక మా ఆఫీసులో టెస్టింగ్‌లో ఉద్యోగం ఖాయం.

సూర్యారావుపేట యాజుషి | 9:48

నాన్నగారూ, మీ ఇంట్లో చెప్పింది లఘున్యాసం. యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ బ్రాహ్మణం మూడో అష్టకంలోది. "అగ్నిర్మే వాచి శ్రితః, వాగ్ హృదయే, హృదయం మయి, అహమమృతే, అమృతం బ్రహ్మణి." అగ్ని నా వాక్కులో ఉన్నాడని మొదలవుతుంది. ఇదే వరసలో వాయువు ప్రాణంలో, సూర్యుడు కంటిలో, చంద్రుడు మనసులో, దిక్కులు చెవిలో, భూమి శరీరంలో, ఓషధులూ చెట్లూ రోమాల్లో, ఇంద్రుడు బలంలో, ఈశానుడు కోపంలో ఉన్నారని చెబుతాం. ప్రతి వాక్యమూ దేవత దగ్గర మొదలై అవయవానికి, అక్కణ్నుంచి గుండెకు, గుండె నుంచి 'నేను'కు, చివరికి బ్రహ్మానికి చేరుతుంది. మీవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగి ప్రశ్న వేశాడు. వేయనివ్వండి, తప్పులేదు.

ఇది ఎందుకు చేస్తామంటే, అభిషేకానికి కూర్చున్నవాడు ముందు తాను రుద్రుడికి తగిన చోటు కావాలి. నారుద్రో రుద్రమర్చయేత్, రుద్రుడు కానివాడు రుద్రుణ్ని అర్చించకూడదు అన్నారు. శరీర నిర్మాణం పాఠం చెప్పడం అక్కడ ఉద్దేశం కానే కాదు.

ఐతరేయ ఉపనిషత్తులో ఒక కథ ఉంది, మీవాడికి నచ్చుతుంది. సృష్టి అయిన దేవతలు మహాసముద్రంలో పడ్డారు. ఆకలి, దాహం. మేం ఉండి అన్నం తినడానికి ఒక చోటు చూపించమని అడిగారు. ఆవును తెచ్చి చూపిస్తే "మాకు ఇది చాలదు" అన్నారు. గుర్రాన్ని తెస్తే అదీ చాలదన్నారు. మనిషిని తెస్తే "భలే చేశావు" అని సంబరపడి, అగ్ని వాక్కై నోట్లో, వాయువు ప్రాణమై ముక్కులో, సూర్యుడు చూపై కళ్లలో, దిక్కులు వినికిడై చెవుల్లో దూరాయి. పురుషసూక్తంలో దారి దీనికి ఎదురు. అక్కడ మనసులోంచి చంద్రుడు, కంటిలోంచి సూర్యుడు, నాభిలోంచి అంతరిక్షం, పాదాల్లోంచి భూమి పుడతాయి. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయన్నమాట.

మీరు చెప్పిన "యథా పిండే" వాక్యం మేం చదివే తైత్తిరీయంలో లేదు. దాన్ని వేదవాక్యంగా ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎక్కువ.

వైద్యం అక్క | 10:15

నేను విజయవాడలో నోరి రామశాస్త్రి ఆయుర్వేద కాలేజీలో చదివాను. ఈ విషయం మాకు పాఠంగానే ఉంటుంది. చరకసంహిత శారీరస్థానం 5వ అధ్యాయం మొదటి మాటే "పురుషోఽయం లోకసమ్మితః". లోకంలో ఎన్ని విశేషాలున్నాయో మనిషిలో అన్ని, మనిషిలో ఎన్నో లోకంలో అన్ని అంటాడు ఆత్రేయుడు. అంత టూకీగా చెబితే నాకు ఎక్కలేదు, విడమరచి చెప్పమంటాడు శిష్యుడు అగ్నివేశుడు. అప్పుడు వస్తుంది జాబితా. శరీరపు గట్టిదనం భూమి, చెమ్మ నీరు, వేడి అగ్ని, ప్రాణం వాయువు, ఖాళీలు ఆకాశం, అంతరాత్మ బ్రహ్మం. అక్కడితో ఆగడు. లోకంలో ఇంద్రుడు, మనిషిలో అహంకారం. లోకంలో రుద్రుడు, మనిషిలో రోషం. (యాజుషి గారూ, మీ "ఈశానుడు కోపంలో" ఇక్కడ మళ్లీ కనిపించింది చూశారా.) మరుత్తులు ఉత్సాహం, అశ్వినులు కాంతి, చీకటి మోహం, వెలుగు జ్ఞానం. కృతయుగం బాల్యం, త్రేత యౌవనం, ద్వాపరం ముసలితనం, కలి రోగం, యుగాంతం చావు.

కలియుగం అంటే రోగం అన్న చోట నేను ప్రతిసారీ ఆగుతాను. వైద్యుడు కాబట్టి అలా రాయగలిగాడు.

ఇక అసలు సంగతి. ఇంత విన్నాక అగ్నివేశుడు ఊరుకోలేదు. "మీరు చెప్పిన సామ్యం బాగుంది, దీనివల్ల ప్రయోజనం ఏంటి?" అని అడుగుతాడు. పటమట వారబ్బాయి అడిగింది కూడా అదే, చరకుడి పుస్తకంలోనే ఉంది. ఆత్రేయుడి జవాబు: లోకాన్నంతా తనలో, తనను లోకమంతటా సమంగా చూసేవాడికి సత్యబుద్ధి పుడుతుంది, సుఖదుఃఖాలకు కర్త తానే తప్ప మరొకరు కాదని తెలుస్తుంది. అంటే ఆ అధ్యాయం మోక్షం వైపు పోతుంది. కషాయం ఎన్ని చెంచాలో అందులో లేదు.

కొత్తపేట స్కానింగ్ | 10:31

అక్కా, మరి వైద్యంలో దీన్ని వాడలేదా? నేను గుంటూరులో రేడియాలజీ చేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది "వాతం చేసింది" అనే వస్తారు.

వైద్యం అక్క | 10:44

వాడారు, వేరేచోట. ఆయుర్వేదంలో శస్త్రచికిత్స గ్రంథం రాసిన సుశ్రుతుడు సూత్రస్థానం 21లో అంటాడు: చంద్రుడు తడి వదులుతాడు, సూర్యుడు లాక్కుంటాడు, గాలి చెదరగొడుతుంది, ఈ మూడు పనులతో జగత్తు నిలబడినట్టే కఫం, పిత్తం, వాతం దేహాన్ని నిలబెడతాయి అని. వీటి మీద ఋతుచర్య, అంటే కాలాన్ని బట్టి తిండీ నడవడీ, కట్టారు. ఉత్తరాయణం ఆదానకాలం, సూర్యుడు లాక్కునే కాలం. దక్షిణాయనం విసర్గకాలం, చంద్రుడు వదిలే కాలం. గ్రీష్మంలో, వానల మొదట్లో ఒంటి బలం బాగా తక్కువ, హేమంత శిశిరాల్లో ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి బెజవాడలో మధ్యాహ్నం బయట తిరిగినవాళ్లకి దీనికి సాక్ష్యం అక్కర్లేదు. వేసవిలో కారం, పులుపు, ఉప్పు తగ్గించి, తియ్యగా చల్లగా ద్రవంగా తినమన్నారు, వ్యాయామం తగ్గించమన్నారు. గుంటూరు జిల్లాలో కారం తగ్గించమంటే ఎవరు వింటారు అనేది వేరే చర్చ.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | 10:50

కారం జోలికి రావద్దు అక్కా. మిగతా శాస్త్రమంతా ఒప్పుకుంటా.

బ్రాడీపేట లెక్కల మాస్టారు | 11:26

21,600 సంగతి నాకు వదలండి.

వృత్తానికి 360 భాగలు (డిగ్రీలు), భాగకు 60 కళలు. గుణిస్తే 21,600. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, విఘడియకు 6 ప్రాణాలు. గుణిస్తే మళ్లీ 21,600. ఇక్కడ 'ప్రాణం' ఒక కాలమానం. సూర్యసిద్ధాంతం, ఆర్యభటీయం అనే పాత ఖగోళ గ్రంథాల్లో ఉంది. ఇప్పటి లెక్కలో సుమారు 4 సెకన్లు, పది గురువులు (దీర్ఘాక్షరాలు) పలికేంత సేపు. నాలుగు సెకన్లకు ఒక ఊపిరి అంటే నిమిషానికి 15. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలే అని డాక్టర్లు చెబుతారు. కాబట్టి 21,600 అబద్ధమేమీ కాదు, మధ్యరకం మనిషికి సరిపోతుంది. కానీ ఎవరో రోజంతా ఊపిరి లెక్కపెట్టి, వృత్తంలో కళలు కూడా అన్నే ఉన్నాయే అని నోరు తెరిచారనుకోవద్దు. వృత్తాన్ని ఎలా కోశారో రోజునూ అలాగే కోశారు, చివరి ముక్క ఊపిరంత ఉండేలా చూసుకున్నారు.

దీనికి ఆధారం కావాలంటే ఇంకా పాతదైన శతపథ బ్రాహ్మణం చూడండి. అక్కడ మనిషి పగలూ రాత్రీ కలిపి 10,800 సార్లు ఊపిరి తీస్తాడు. ఎందుకు 10,800? ఏడాదికి 360 రోజులు, రోజుకు 30 ముహూర్తాలు, గుణించుకోండి. అగ్నిచయనంలో, అంటే ఇటుకలతో యజ్ఞవేదిక కట్టే క్రతువులో, ఇటుకల లెక్క కూడా అంతే. అక్కడ సంవత్సరమే పురుషుడు, పురుషుడే వేదిక. ఆ ఋషికి ఊపిరిని సంవత్సరంతో కలపడం కావాలి, స్టాప్‌వాచ్‌తో పనిలేదు.

అయితే ఇందులోంచి ఒక అద్భుతం వచ్చింది, అది వీడియోలో ఉండదు. ఆర్యభటుడు 499లో "ప్రాణేనైతి కలాం భూః" అని రాశాడు. ఒక ప్రాణకాలంలో భూమి ఒక కళ తిరుగుతుంది. ఊపిరి కొలతతో భూభ్రమణం చెప్పేశాడు! 628లో బ్రహ్మగుప్తుడు ఇదే మాట ఎత్తి, అలాగైతే భూమి ఎక్కణ్నుంచి ఏ దారిన పోతోంది అని ఎద్దేవా చేశాడు. తర్వాత కొందరు వ్యాఖ్యాతలు తిరిగేది నక్షత్రాలే అనేలా పాఠం మార్చుకున్నారు. పిండాండ బ్రహ్మాండ సామ్యంలో నాకు ఇష్టమైన చోటు ఇదే. ఇక్కడ సామ్యం లెక్కకు పనికొచ్చింది, లెక్క నిజమైంది.

108 కూడా చెప్పేస్తాను. సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడి వ్యాసం 13.92 లక్షలు. భాగిస్తే 107.5. అయితే భూమి కక్ష్య సరైన వృత్తం కాదు కాబట్టి జనవరి మొదట్లో 106కి కాస్త అటూ ఇటూ, జూలైలో 109 వస్తుంది. చంద్రుడికి 110.6. ఎవరైనా ఇంత కొలిచి మాల కట్టారని నేను నమ్మను. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, 108 అయింది. పంచాంగం చూసే ప్రతి ఇంట్లోనూ ఉన్న లెక్క.

పటమట నాన్న | 11:40

మాస్టారూ, మీ పోస్టు మావాడికి చదివి వినిపించాను. దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. ఎముకల గురించి కూడా వీడియోలో ఉంది, 360 ఎముకలు 360 రోజులు అని. అది?

కొత్తపేట స్కానింగ్ | సోమవారం ఉదయం 7:05

పెద్దవాళ్లలో 206. రోజూ చూస్తున్నాను, 360 ఎవరికీ కనిపించలేదు.

వైద్యం అక్క | 7:32

దీని మీద సుశ్రుతుడే చెప్పిన మాట వినండి. శారీరస్థానం 5లో: వేదవాదులు 360 ఎముకలు అంటారు, శల్యతంత్రంలో (శస్త్రచికిత్సలో) మాత్రం 300 అని. చరకుడు 360 పక్షం. శతపథంలో కూడా 360 ఎముకలు, 360 మజ్జలు, కలిపి 720, ఏడాదిలో పగళ్లు రాత్రులు కలిపి ఎన్నో అన్ని.

సుశ్రుతుడు కత్తి పట్టిన మనిషి. వేదం తప్పు అనలేదు, వాళ్ల లెక్క అది, మా పనిలో లెక్క ఇది అని పక్కపక్కన పెట్టి ముందుకు పోయాడు. ఆ అధ్యాయం చివరనే శవాన్ని ఎలా పరిశీలించాలో చెబుతాడు. పేగులు శుభ్రం చేసి, గడ్డి చుట్టి, పంజరంలో పెట్టి, జనం తిరగని చోట పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టాలి. తర్వాత వట్టివేళ్లు, వెదురు లాంటివాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం నుంచి లోపలి దాకా ఒక్కొక్క పొరా కళ్లతో చూడాలి. శాస్త్రంలో చదివినది, కంటితో చూసినది రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుంది అంటాడు. ఆయన సంఖ్య ఇప్పటి సంఖ్యతో సరిపోలేదు, సరే. కానీ యజ్ఞం సంఖ్య వేరు, శవం చెప్పే సంఖ్య వేరు అన్న తెలివి ఉంది. ఇవాళ వాట్సాప్ వాళ్లకు లేనిది అదే.

లబ్బీపేట సాధకురాలు | 8:10

అందరూ సంఖ్యల మీదే పడ్డారు. నేను శ్రీవిద్య (శ్రీచక్రంతో చేసే దేవీ ఉపాసన) సంప్రదాయంలో ఉన్నాను, ఎక్కువ చెప్పకూడదు కానీ భావనోపనిషత్తు అచ్చులో దొరుకుతుంది, కాబట్టి చెప్తాను. అందులో దేహమే శ్రీచక్రం. తొమ్మిది రంధ్రాల దేహం తొమ్మిది ఆవరణల చక్రం. భాస్కరరాయలు దానికి వ్యాఖ్య రాశారు. బయట యంత్రం పెట్టి చేసే పూజంతా లోపల భావనగా చేయాలి. పేరులోనే 'భావన' ఉంది చూడండి. శివసంహిత వెన్నును మేరువు అంటుంది, ఇడ నాడిని గంగ అంటుంది, పింగళ నాడిని యమున అంటుంది. హఠయోగ ప్రదీపిక 72,000 నాడులు (ప్రాణం నడిచే దారులు) అంటే శివసంహిత మూడున్నర లక్షలు అంటుంది. రెండూ చదివిన మా గురువుగారు ఎప్పుడూ తగువు పెట్టుకోలేదు. నాడి కోసం స్కానింగ్ సెంటర్‌కి వెళ్లడం, బస్సెక్కి రూటు నంబరు కోసం సీటు కింద వెతకడం లాంటిది.

కానీ మాస్టారూ, "కోశారు, సరిపెట్టారు" అని తేలిగ్గా అనకండి. కూర్చుని శ్వాస మీద మనసు పెట్టినవాడికి ఆ 21,600 అంకెగా తోచదు. పగలూ రాత్రీ తెలియకుండానే ఊపిరే హంస మంత్రంగా జరుగుతోంది, జపించకుండానే జరిగే జపం కాబట్టి అజప అంటారు. ఆ ఎరుక కోసం చెప్పిన మాట అది.

బ్రాడీపేట లెక్కల మాస్టారు | 8:25

అమ్మా, తేలిగ్గా అనలేదు. సరిపెట్టడం కూడా ఒక విద్యే. మీకు ధ్యానానికి సరిపోయింది, ఆర్యభటుడికి ఖగోళానికి సరిపోయింది. వీడియో వాళ్లు ఈ రెండూ వదిలేసి "నాసా ఆశ్చర్యపోయింది" అంటున్నారు, నా బాధ అది.

కృష్ణలంక కుమారి | 9:02

నేను మోసపోయిన సంగతి చెప్తాను, వేరేవాళ్లు పడకుండా ఉంటారని. మన ఊళ్లోనే ఒక సెంటర్ వాళ్లు నా 'ఆరా ఫొటో' తీసి, రంగురంగుల మనిషి బొమ్మ ప్రింట్ ఇచ్చి, మూలాధారం బ్లాక్ అయింది, అంగారకుడితో లింకు తెగింది అన్నారు. మోకాళ్ల నొప్పికి వెళ్లానండీ నేను. సిట్టింగుల పేరుతో బాగానే గుంజారు. చివరికి ఆర్థోపెడిక్ డాక్టరు అరుగుదల అని చెప్పి వ్యాయామాలు ఇచ్చారు, ఇప్పుడు ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతున్నాను.

అడ్మిన్ | 9:10

కుమారి గారూ, సెంటర్ పేరు పెట్టనందుకు థాంక్స్, పెట్టకండి. మిగతావాళ్లు: ఒంట్లో బాగోకపోతే డాక్టరుకు చూపించుకోండి, ఇక్కడ ప్రిస్క్రిప్షన్లు అడగొద్దు.

ఉండవల్లి టెలిస్కోప్ | మధ్యాహ్నం 1:15

ఫిజిక్స్ వైపు నుంచి రెండు ముక్కలు. "ఒంట్లో 70 శాతం నీళ్లు, చంద్రుడు సముద్రాన్ని లాగినట్టే మనసును లాగుతాడు" అనే పోస్టులు ప్రతి పౌర్ణమికీ వస్తాయి. ఆటుపోట్లు చంద్రుడు లాగినందుకు మాత్రమే రావు. భూమికి చంద్రుడి వైపున్న భాగాన్ని, అవతలి భాగాన్ని లాగడంలో తేడా వల్ల వస్తాయి. ఆ తేడా కనిపించాలంటే వేల కిలోమీటర్ల సముద్రం కావాలి. హంసలదీవి దగ్గర ఆటుపోట్లు చూస్తాం. ప్రకాశం బ్యారేజీ ఎగువన అంత నీళ్లు నిలిచి ఉంటే, పౌర్ణమికి పొంగడం ఎవరైనా చూశారా? మరి అయిదున్నర అడుగుల మనిషిలో ఏం పొంగుతుంది? యాజుషి గారు చెప్పిన న్యాసం చంద్రుణ్ని మనసుతో కలిపింది, ఒంట్లో నీళ్లతో కలపలేదు. అది మనం తర్వాత అంటించుకున్న కారణం.

మెదడు ఫొటో గురించి. ఊరికే పుట్టింది కాదు అది. 2020లో ఇటలీలో ఫ్రాంకో వాజ్జా అనే ఖగోళ శాస్త్రవేత్త, అల్బెర్టో ఫెలెట్టి అనే న్యూరోసర్జన్ కలిసి ఒక పరిశోధనాపత్రం వేశారు. మెదడు ముక్కల్లో నాడీకణాల అల్లిక, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో గెలాక్సీల అల్లిక తీసుకుని, సాంద్రతలో హెచ్చుతగ్గులు ఏ స్థాయిలో ఎలా ఉన్నాయో గణితంతో పోల్చారు. కొన్ని కొలతలు నిజంగానే దగ్గరగా వచ్చాయి. రెండింటి పరిమాణాల మధ్య తేడా ఒకటి పక్కన 27 సున్నాలు. వేర్వేరు కారణాలతో పెరిగిన అల్లికలు ఒకే తీరుకు రావచ్చు అన్నది వాళ్ల ఆసక్తి. విశ్వం ఆలోచిస్తోందని వాళ్లు అనలేదు. ఫార్వర్డ్ చేసినవాళ్లు అన్నారు.

ఇక నాకు ఒళ్లు పులకరించే సంగతి. మన బరువులో దాదాపు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్. ఈ హైడ్రోజన్ విశ్వం పుట్టిన తొలి నిమిషాల నాటిది. మిగతావి నక్షత్రాల కడుపులో వండినవి. పళ్లలో కాల్షియం, నెత్తుట్లో నాలుగు గ్రాముల లోపు ఇనుము, అన్నీ చచ్చిపోయిన నక్షత్రాలు వెదజల్లినవే. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ అనే శాస్త్రవేత్తలు కలిసి దీన్ని వివరంగా రాశారు. ఆవర్తన పట్టికలో సగం మన ఒంట్లో దొరుకుతుంది. పంచభూతాల జాబితాకీ దీనికీ వరసలో పోలిక లేదు, దయచేసి పోల్చకండి. కానీ "లోకంలో ఉన్న పదార్థమే పురుషుడిలో" అన్న వాక్యం మాత్రం నిలబడింది.

పనిలో పని, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఒంట్లో ఉన్న నక్షత్రపు బూడిదను చుక్కల్లో కొలిచిన తెలుగువాడు. ఈ టాపిక్‌లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | 1:30

అన్నా, ఇది నేను ఫార్వర్డ్ చేసుకోవచ్చా? నాసా పేరు పెట్టను, ఒట్టు.

అమరావతి స్తూపం | సాయంత్రం 6:20

గుంటూరు జిల్లావాళ్లం, బౌద్ధం మాట లేకుండా ఈ చర్చ ముగిస్తే ఎలా? పాలి భాషలోని బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయంలో రోహితస్స సుత్తం ఉంది. రోహితస్సుడు పూర్వజన్మలో గొప్ప వేగంతో నడవగల ఋషి. లోకం అంచు చూడాలని నూరేళ్లు నడిచాడు, తిండికీ నిద్రకీ తప్ప ఆగలేదు, దారిలోనే చచ్చిపోయాడు. నడిచి లోకం చివరికి చేరలేవు, ఈ బారెడు దేహంలోనే, మనసూ ఎరుకా ఉన్న ఈ దేహంలోనే లోకం, దాని పుట్టుక, దాని ముగింపు, ముగింపుకు దారి ఉన్నాయి అన్నాడు బుద్ధుడు. ఇక్కడ చంద్రుడికీ కంటికీ జతలు లేవు. దేవతలను అవయవాల్లో కూర్చోబెట్టలేదు. లోకం అంటే అనుభవంలోకి వచ్చే లోకం. అదే ఊహను ఎంత వేరుగా వాడుకోవచ్చో చూడండి.

ఇంకొకటి, కొంతమందికి నచ్చకపోవచ్చు. జాతకంలో కాలపురుషుడు ఉంటాడు కదా. మేషం తల, వృషభం ముఖం, అలా దిగి మకరం మోకాళ్లు, మీనం పాదాలు. జ్యోతిష్కుడు వరాహమిహిరుడు బృహజ్జాతకం మొదటి అధ్యాయంలో చెప్పాడు. దాదాపు ఇదే వరస ఆయనకన్నా ముందు, ఒకటో శతాబ్దపు రోమన్ కవి మానిలియస్ లాటిన్ పద్యాల్లో ఉంది. రాశుల విద్య యవనుల (గ్రీకుల) నుంచి వచ్చింది, వరాహమిహిరుడే దాచలేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా ఉంది కాబట్టి ఋషుల్లా పూజిస్తారు అని బృహత్సంహితలో రాశాడు. యూరప్‌లో కూడా మధ్యయుగంలో ఇదే రాశి మనిషి బొమ్మ వేసుకుని, చంద్రుడు ఏ రాశిలో ఉంటే ఆ అవయవం మీద కత్తి పెట్టకూడదని వైద్యులు పాటించారు. కాబట్టి "మనకే తెలుసు, ప్రపంచానికి తెలియదు" అనే మాట వదిలేద్దాం. చుట్టుపక్కల అందరూ ఒంట్లో ఆకాశాన్ని చూసుకున్నవాళ్లే.

సూర్యారావుపేట యాజుషి | 6:55

స్తూపం గారూ, జాతకం సంగతి ఒప్పుకుంటాను. న్యాసం మాత్రం రాశులకన్నా ముందుది. రెండూ ఒకే గాటన కట్టకండి.

అమరావతి స్తూపం | 7:03

కట్టలేదు స్వామీ. తైత్తిరీయ బ్రాహ్మణంలో నక్షత్రాలున్నాయి, మేషం లేదు. అందులో మనకు తగువు లేదు.

తెనాలి తంబుర | రాత్రి 8:40

పెద్ద పెద్ద పుస్తకాలు తెచ్చారు. మా ఊళ్లో తత్వాలు పాడేవాళ్ల మాట కూడా వినండి. తంబుర, చిడతలు పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా అచల సిద్ధాంతం (కదలని పరతత్వమే నిజమనేది) తత్వాలు పాడేవాళ్లు. వాళ్లలో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. దేహం తొమ్మిది వాకిళ్ల ఇల్లు, అయిదుగురు కాపలా, యజమాని ఎవరో తెలియదు, అద్దె గడువు ఎప్పుడో తెలియదు. గీతలో నవద్వారపురం అన్నదే ఇది. కానీ పాటలో అది ఎటు తిరుగుతుందో గమనించండి. నీలో బ్రహ్మాండం ఉంది, నువ్వు ఎంతో గొప్పవాడివి అని ఏ తత్వంలోనూ పొగడరు. ఏడు ద్వీపాలు, మేరువు, గంగాయమునలు అన్నీ ఒంట్లోనే చూపించి, చివరి చరణంలో ఆ ఒళ్లు కాటికి పోతుంది అంటారు. ఊళ్లో మోతుబరి కూడా అరుగు మీద కూర్చుని వినాల్సిందే. ఇప్పటి వీడియోల్లో ఆ చివరి చరణం కోసేస్తున్నారు. మొదటి సగం వింటే ఛాతీ ఉబ్బుతుంది మరి, షేర్లు వస్తాయి.

లబ్బీపేట సాధకురాలు | 8:58

తంబుర గారూ, మీ పోస్టుకు నమస్కారం. మా పూజలో కూడా న్యాసం కన్నా ముందు భూతశుద్ధి ఉంటుంది. భూమిని నీటిలో, నీటిని అగ్నిలో, అలా ఒక్కొక్కటీ కరిగించి ఈ దేహాన్ని భావనలో కాల్చేశాకే కొత్త దేహంలో దేవతను నిలుపుతాం. చివరి చరణం మాకు మొదట్లోనే వస్తుంది.

పటమట నాన్న | 9:30

అందరికీ ధన్యవాదాలు. చరకసంహిత తెలుగులో ఎక్కడ దొరుకుతుంది? మావాడు అగ్నివేశుడి ప్రశ్న చూపించమంటున్నాడు.

వైద్యం అక్క | 9:41

ముందు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు తిరగండి, తెలుగు తాత్పర్యంతో ఉన్న పాత ప్రతులు అప్పుడప్పుడు తగులుతాయి. లేకపోతే జనవరిలో పుస్తక ప్రదర్శన దాకా ఆగండి. మొత్తం సెట్టు కొనకండి, శారీరస్థానం ఉన్న సంపుటం చాలు. 5వ అధ్యాయం చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. 7వ అధ్యాయంలో ఎముకల లెక్క ఉంది.

పటమట నాన్న | 9:58

(ఇది నేను, వాళ్లబ్బాయిని. నాన్న ఫోన్ ఇచ్చారు.) చరకుడు 360 ఎలా తెచ్చాడు మేడమ్? ఊరికే రాసేశాడా, లిస్టు ఉందా?

వైద్యం అక్క | 10:06

లిస్టు ఉంది నాన్నా. 32 పళ్లు, పళ్లు దిగిన గుంటలు 32, గోళ్లు 20, ఇవన్నీ ఎముకల్లోనే వేశాడు. తర్వాత వేళ్లు, చేతులు, పక్కటెముకలు అలా.

పటమట నాన్న | 10:11

అయితే 84 తీసేస్తే 276. 206 కన్నా ఇంకా 70 ఎక్కువ.

కొత్తపేట స్కానింగ్ | 10:19

అందులో మృదులాస్థి కూడా కలిసి ఉంటుంది. సుశ్రుతుడైతే ఎముకల్లో 'తరుణం' అని దానికి ఒక రకమే పెట్టాడని అక్క ఒకసారి చెప్పారు. పైగా 206 కూడా అందరికీ ఒకటే అనుకోకు. పుట్టినప్పుడు 270 దాకా ఉంటాయి, పెరిగేకొద్దీ అతుక్కుంటాయి. నీ వయసుకు కొన్ని ఇంకా అతుక్కుని ఉండవు. నీకు ఇప్పుడు ఎన్నో చెప్పాలంటే ఎక్స్‌రేలు తీయాలి, అంత పనిలేదు, పడుకో. రేపు కాలేజీ ఉంది కదా.